మీ రైఫిల్‌కి ఏ తూటా పడుతుంది?

పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఎన్‌సిసి క్యాడెట్ల ముందు ఒక కోచ్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి. పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, చీకటి పడుతోందనిపిస్తే మొహమాటం లేకుండా లేచి వెళ్లండి, నేనేమీ అనుకోను. ఒడియా పిల్లలు కూడా నలుగురైదుగురు కనిపిస్తున్నారు. తెలుగైనా ఫరవాలేదు అన్నారు కాబట్టి తెలుగులోనే చెబుతాను.

ఈ విషయం నేను ఎంచుకున్నది కాదు. పిల్లలే ఎంచుకున్నారు. ఫోన్లో వీడియోలు చూస్తున్నారు. అమెరికాలో ఎవరో ఒకాయన ఇంటి పక్క షెడ్డులో బల్ల ముందు కూర్చుంటాడు. బల్లకి బిగించిన ఒక ప్రెస్సు, దానికో లివర్. లివర్ లాగుతాడు, వదులుతాడు, తూటాలు తయారు చేసుకుంటాడు. తర్వాత షాపులో కొన్న మామూలు రైఫిల్ తీసుకెళ్లి, ఆ తూటాలతో వంద గజాల దూరంలో అయిదు షాట్లు కొడితే అయిదూ ఒక్క చిల్లులో పడతాయి. ఇది చూసి మనవాళ్లు వచ్చి అడుగుతారు: మాస్టారూ, మన రైఫిల్ కూడా అలా కొడుతుందా? మనమూ అలా చేసుకోవచ్చా?

రెండు ప్రశ్నలు. రెండో ప్రశ్నకి జవాబు చిన్నది: చేసుకోకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను, అది చట్టం సంగతి. మొదటి ప్రశ్న పెద్దది. ఆయన అసలు ఏం చేస్తున్నాడు? దానివల్ల గురి నిజంగా పెరుగుతుందా? పెరిగితే ఎంత?

తూటాలో నాలుగు వస్తువులు ఉంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. ఇత్తడి కేసు మాత్రం చేతిలో మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వాటా దానిదే. అందుకని దాన్ని పారెయ్యకుండా మళ్లీ నింపుకోవడం అక్కడ వంద సంవత్సరాల పైబడిన అలవాటు. మొదట్లో డబ్బు మిగుల్చుకోడానికి నింపుకునేవాళ్లు. గురి కోసం నింపుకోవడం తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా చెబుతాను. 1866 ప్రాంతంలో ప్రైమర్లు రెండు రకాలు వచ్చాయి. ఒకటి బెర్డాన్ అనే అమెరికా ఆయన చేసింది. రెండోది బాక్సర్ అనే ఇంగ్లండు ఆయన చేసింది. బాక్సర్ పద్ధతిలో కేసు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. పై నుంచి సూది పెట్టి పొడిస్తే పాత ప్రైమర్ ఊడి వచ్చేస్తుంది. బెర్డాన్‌లో పక్కలకి రెండు చిన్న రంధ్రాలు, సూది దూరదు. చివరికి ఏమైంది? అమెరికా వాళ్లు ఇంగ్లండాయన ప్రైమర్ పట్టుకున్నారు, యూరప్ సైన్యాలు చాలావరకు అమెరికా ఆయనది పట్టుకున్నాయి. అమెరికాలో ఇంటింటా రీలోడింగ్, అంటే ఇలా మళ్లీ నింపుకోవడం, పెరగడానికి ఈ ఒక్క రంధ్రం కూడా ఒక కారణం.

సరే, గురి సంగతికి వద్దాం. ఫ్యాక్టరీ తూటా చేసేవాడి ఇబ్బంది ఏమిటి? వాడికి మీ రైఫిల్ తెలీదు. ఆ క్యాలిబర్ రైఫిల్ ఎవరి చేతిలో ఉన్నా, దాని చాంబర్, అంటే తూటా కూర్చునే గది, కాస్త బిగువుగా ఉన్నా, కాస్త వదులుగా ఉన్నా, ఈ తూటా అందులో పట్టాలి. అందుకని అన్నిటికన్నా బిగువు చాంబర్‌లో కూడా దూరేలా చేస్తాడు. మీ రైఫిల్ కూడా ఫ్యాక్టరీదే. దాని చాంబర్ ఎవరి తూటా అయినా పట్టేలా కాస్త వదులుగానే కోస్తారు. వదులు చాంబర్‌లో సన్న తూటా. ఏమవుతుంది? తూటా ఒక పక్కకి వాలి కూర్చుంటుంది. గుండుని తిప్పడానికి బ్యారెల్ లోపల మెలికగా కోసిన గాడుల్లోకి అది వెంట్రుకవాసి వంకరగా ఎక్కుతుంది. వంకరగా ఎక్కిన గుండు బయటికొచ్చాక తన మధ్యగీత చుట్టూ సరిగ్గా తిరగదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ఎటు పోతుందో చెప్పలేం.

షెడ్డులో కూర్చున్నాయన దీన్ని ఎలా సరి చేస్తున్నాడు? పేలిన కేసు పీడనానికి ఉబ్బి, అచ్చంగా ఆయన చాంబర్ ఆకారం తీసుకుంటుంది. ఆయన దాన్ని పూర్తిగా వెనక్కి నొక్కడు. మళ్లీ దూరడానికి ఎంత కావాలో అంతే నొక్కుతాడు. అది ఇప్పుడు ఆ ఒక్క రైఫిల్ కొలతకి చేసిన కేసు. పక్కింటివాడి రైఫిల్‌లో అది దూరకపోవచ్చు కూడా.

రెండో పని, గుండుని ఎంత లోతుకి దించాలి అన్నది. గుండు ముక్కుకీ గాడులు మొదలయ్యే చోటుకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో గుండు ఏ ఆధారం లేకుండా దూకుతుంది. ఫ్యాక్టరీ రైఫిళ్లలో ఆ దూకుడు కాస్త ఎక్కువే ఉంటుంది. గుండుని పైకి ఉంచితే ఖాళీ తగ్గుతుంది, కానీ తూటా పొడుగై మ్యాగజైన్‌లో పట్టదు. మరీ పైకి వెళ్లి గుండు గాడులకి తగిలితే పీడనం పెరుగుతుంది. అందుకే ఇది ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు.

మూడో పని మందు తూచడం. అక్కడ మందుని గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. కంసాలి గురివింద గింజ పెట్టి బంగారం తూచడం చూసే ఉంటారు. ఆ గింజ సుమారు 120 మిల్లీగ్రాములు. గ్రెయిన్‌కి దాదాపు రెట్టింపు. ఈయన గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూస్తాడు. అంటే గురివింద గింజని 18 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క!

ఇంత తూచితే ఏమొస్తుంది? వేగం ఒకేలా వస్తుంది. వేగం ఒకేలా ఉంటే గుండు ఒకే ఎత్తులో పడుతుంది. ఇది పదో తరగతి ఫిజిక్స్, క్యాడెట్లు లెక్క కట్టగలరు. మన పాయింట్ 22 రైఫిల్, అంటే 0.22 అంగుళాల గుండు పట్టేది, తీసుకుందాం. 50 మీటర్ల దూరం. ఒక గుండు సెకనుకి 330 మీటర్ల వేగంతో బయల్దేరింది, ఇంకొకటి 320తో. మొదటిది చేరేలోపు 11.3 సెంటీమీటర్లు కిందకి జారుతుంది, రెండోది దాదాపు 12. గాలి నిరోధం వదిలేసి చెబుతున్నాను, అది కూడా కలిపితే తేడా ఇంకాస్త పెరుగుతుంది. తేడా ఎంత? 7 మిల్లీమీటర్లు. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. మీ గురి తప్పలేదు, మీ వేలు అదరలేదు, ఊపిరి సరిగ్గానే బిగబట్టారు. అయినా 10.9, అంటే నట్టనడుమ పడితే వచ్చే స్కోరు, పడాల్సింది 10.1 పడుతుంది. మంచి డబ్బాలో కూడా సెకనుకి 10 మీటర్ల తేడా రావడం మామూలే.

దూరం పెరిగేకొద్దీ ఇది ఘోరంగా పెరుగుతుంది. పాయింట్ 308 లాంటి పెద్ద రైఫిల్‌తో 300 మీటర్లకి, సెకనుకి 800 మీటర్ల వేగంలో 10 మీటర్లు తేడా వస్తే రెండు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. వెయ్యి మీటర్లకైతే ఒక అడుగు దాటుతుంది. అందుకే దూరం కొట్టేవాళ్లకి ఈ తూకం పిచ్చి. అది పిచ్చే కానీ, దానికి ఒక లెక్క ఉంది. అయితే పదో వంతు గ్రెయిన్ తేడా ఆ రైఫిల్ వేగాన్ని సెకనుకి 2 మీటర్లు కూడా మార్చదు. వంద గజాల్లో కొట్టేవాడు దాని కోసం రాత్రంతా త్రాసు ముందు కూర్చుంటే, అది గురి కోసం కాదు, సరదా కోసం. సరదా తప్పని నేను అనను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వీడియోల్లో ఒకటి చూపిస్తారు. మందు ఎనిమిది కొలతల్లో వేసి, ఒక్కో కొలతకి అయిదేసి షాట్లు కొట్టి, అలా పడ్డ చిల్లుల గుంపులు, అంటే గ్రూపులు, ఎనిమిదీ పక్కపక్కన పెడతారు. ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా వస్తాయి. ఇదిగో, ఈ కొలతే నా రైఫిల్‌కి నచ్చింది అంటారు. మీరేమంటారు? నచ్చిందా?

చెయ్యెత్తిన బాబూ, నువ్వు చెప్పు. నచ్చింది అంటున్నావు. సరే, నేనొక లెక్క చెబుతాను, ఆ తర్వాత మళ్లీ చెప్పు.

ఒకే రైఫిల్, ఒకే తూటా, కొట్టేది ఒకే మనిషి. ఏమీ మార్చలేదు. అయిదు షాట్ల గ్రూపు, అన్నిటికన్నా దూరం పడ్డ రెండు చిల్లుల మధ్య కొలిస్తే, సగటున 30 మిల్లీమీటర్లు వస్తుందనుకుందాం. మూడు షాట్లే కొడితే సగటున 24 కూడా రాదు. పది షాట్లు కొడితే 37 వస్తుంది. ఎందుకు? షాట్లు పెరిగేకొద్దీ చివరకి పోయే షాటు పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి. ఇంతవరకు సరే కదా? ఇప్పుడు అదే రైఫిల్‌తో అయిదు షాట్ల గ్రూపులు వరసగా కొడుతూ పొండి. మూడింట రెండు వంతులు 22కీ 38కీ మధ్య పడతాయి. మిగతావి దానికి బయట పడతాయి. అలాంటివి ఎనిమిది కొడితే, ఏమీ మార్చకుండానే, ఒకటి 20 దగ్గరికి వస్తుంది, ఒకటి 40 దాటుతుంది. ఏమీ మార్చకుండానే! చూసేవాడికి మాత్రం నాలుగో కొలత బంగారం, ఏడో కొలత చెత్త అనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పు బాబూ, నచ్చిందా? నవ్వుతున్నావు.

అంటే వాళ్లందరూ అబద్ధం చెబుతున్నారా? కాదు. చాలామంది నిజంగా నమ్ముతున్నారు. రైఫిల్ బ్యారెల్ పేలినప్పుడు అదురుతుంది, ఆ అదురు ఒక చోట నిలకడగా ఉంటుంది, ఆ చోటికి తగ్గ మందు కొలత పట్టుకోవాలి అంటారు. బ్యారెల్ అదురుతుంది, అది నిజం. కానీ ఆ నిలకడ చోటుని అయిదు షాట్లతో పట్టుకున్నాం అంటే నేను ఒప్పుకోను. అదే కొలత మళ్లీ తూచి, ఇంకో రోజు ఇరవై షాట్లు కొట్టి చూపించమనండి. అప్పుడు కూడా చిన్నగా వస్తే దండం పెడతాను. వీడియోలో ఆ రెండో రోజు ఉండదు. పెద్దగా వచ్చిన గ్రూపు ఎవరూ పోస్టు చెయ్యరు కదా.

నా అభిప్రాయం అడిగితే, చేత్తో తూటా నింపుకునేవాళ్లకి లాభం ఎక్కువగా మూడు చోట్ల వస్తుంది. మంచి గుండు ఎంచుకోవడం, తమ చాంబర్‌కి అమరిన ఇత్తడి, వేగంలో నిలకడ. మిగతా చాలావరకు నమ్మకమే. గుండు ఎంపికే అన్నిటికన్నా పెద్దది. బ్యారెల్ గాడుల మెలిక ఎంత బిగువుగా ఉందో దాన్నిబట్టి ఎంత పొడుగు గుండు నిలకడగా తిరుగుతుందో తేలుతుంది. నెమ్మది మెలిక ఉన్న బ్యారెల్‌లో పొడుగు గుండు వేస్తే, మందు ఎంత తూచినా కాగితం మీద చిల్లు అడ్డంగా పడుతుంది.

ఇక చట్టం. క్యాడెట్లు శ్రద్ధగా వినండి. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చెయ్యడం నేరం. లైసెన్సు అంటే మీ నాన్నగారి తుపాకి లైసెన్సు కాదు, తయారీ లైసెన్సు. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 సంవత్సరాలు, యావజ్జీవం దాకా వెయ్యొచ్చు. ఇంకో విషయం చాలామందికి తెలీదు. ఆ చట్టం రెండో సెక్షన్‌లో మందుగుండు అన్నదానికి చెప్పిన అర్థంలో మందుగుండు తయారు చేసే యంత్రాలు, విడిభాగాలు కూడా ఉన్నాయి. అంటే ఆ వీడియోలో బల్లకి బిగించిన ప్రెస్సు ఉంది చూశారా, అది ఖాళీగా ఉన్నా సరే, చట్టం దృష్టిలో మందుగుండు కిందే లెక్క. ఆన్‌లైన్‌లో కనిపించింది కదా అని ఆర్డర్ పెట్టకండి.

మనం ఉన్న చోటు కూడా గుర్తుపెట్టుకోండి. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి. ఇన్నేళ్లుగా ఈ అడవుల్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక ఇంట్లో మందు డబ్బా దొరికితే, ఇది సార్ గురి కోసం అంటే ఎవరైనా వింటారా? 

చట్టం పక్కన పెట్టినా, ప్రాణం సంగతి ఉంది. పాయింట్ 308 చాంబర్‌లో అనుమతించే పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లు దాటింది. అది మీ చెంపకి జానెడు దూరంలో జరుగుతుంది. ఇత్తడి, ఉక్కు సరిగ్గా ఉంటే మీకు చప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఒక రకం మందు బదులు ఇంకో రకం పడితే, చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్టు మీ మీదికి వెనక్కి రావచ్చు. ఎండ కూడా ఒక లెక్కే. చాలా రకాల మందు వేడెక్కితే పీడనం పెంచుతుంది. చలి ఊళ్లో సరిపెట్టుకున్న కొలత మన మే నెల ఎండలో సరిపోదు.

అక్కడ కూర్చున్న పెద్దాయన ఏదో అడగబోతున్నారు. పందుల సంగతా? తెలుసు, చేలో పందులు పడుతున్నాయి. దానికి నా దగ్గర మందు లేదు బాబాయ్. పంట నష్టానికి అటవీ శాఖకి దరఖాస్తు పెట్టండి. నాటు తుపాకి, నాటు బాంబు జోలికి మాత్రం వెళ్లకండి. పంది కోసం పెట్టింది ఆవు కొరుకుతుంది, ఏనుగు కొరుకుతుంది.

మరి మనమేం చెయ్యాలి? నింపుకోవడం కుదరదు కాబట్టి గురి కుదరదా? ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది ఉంది. ఒలింపిక్స్‌లో ఇవాళ రైఫిల్ పోటీలు రెండే దూరాలు, 10 మీటర్లు, 50 మీటర్లు. 300 మీటర్ల పోటీ 1972 తర్వాత తీసేశారు. పది మీటర్లకి గాలి ఒత్తిడితో కొట్టే ఎయిర్ రైఫిల్, అందులో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు. యాభైకి పాయింట్ 22. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటా. ప్రైమర్ మందు కేసు అంచు లోపలే తిప్పి పోస్తారు. పేలాక ఆ అంచు నొక్కుకుపోతుంది, మళ్లీ నింపుకునేది కాదు. అంటే ఏమిటి? 2008లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, 2024 పారిస్‌లో కొల్హాపూర్ అబ్బాయి స్వప్నిల్ కుసాలే కాంస్యం, అన్నీ ఫ్యాక్టరీలో చేసిన పెల్లెట్‌తోనో తూటాతోనో వచ్చినవే. ఎవరూ ఇంట్లో నింపుకోలేదు. మరి వాళ్లు ఏం చేస్తారు? ఎంచుకుంటారు.

దాన్ని లాట్ టెస్టింగ్ అంటారు. లాట్ అంటే ఒక విడతలో చేసిన సరుకు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా. కానీ ఇవాళ యంత్రం మీద నడిచిన లాట్‌కీ వచ్చే నెల నడిచిన లాట్‌కీ తేడా ఉంటుంది. డబ్బా మీద లాట్ నంబరు ఉంటుంది, ఎవరూ చూడరు. పెద్ద షూటర్లు తమ రైఫిల్ పట్టుకుని జర్మనీ వెళ్తారు, ఇంగ్లండు వెళ్తారు. ఆర్‌డబ్ల్యుఎస్, లాపువా, ఎలీ కంపెనీలకి టెస్ట్ రేంజిలు ఉన్నాయి. రైఫిల్‌ని ఇనప పట్టుకి బిగించి, లాట్ మార్చి మార్చి కొట్టి చూస్తారు. మనిషి తప్పు ఏమీ కలవదు. ఏ లాట్ ఆ బ్యారెల్‌కి పడిందో అదే లాట్ ఒక సీజన్‌కి సరిపడా కొనుక్కుంటారు. పక్క షూటర్‌కి అదే లాట్ పనికి రాకపోవచ్చు. తూటా మంచిదా చెడ్డదా అని అడగకూడదు. ఏ బ్యారెల్‌లో అని అడగాలి.

మనం జర్మనీ వెళ్లక్కర్లేదు. కానీ ఒక వరస పాటించాలి. తూటాని తప్పుపట్టే ముందు రైఫిల్ చూడండి. స్టాక్‌కి, అంటే భుజానికి ఆనించే పట్టుకి, యాక్షన్‌ని, అంటే బోల్టు ఉండే ఇనప భాగాన్ని, పట్టి ఉంచే స్క్రూలు ప్రతిసారీ ఒకే బిగువులో ఉన్నాయా? టార్క్ రెంచ్ ఒకటి క్లబ్బులో ఉంటే చాలు. సైట్ కదులుతోందా? బ్యారెల్ మూతి చివర అంచు మీద గీత, గంటు ఏమైనా ఉందా? గుండు చివరగా వదిలేది ఆ అంచునే, అక్కడ చిన్న గంటు ఉంటే గ్యాసు ఒక పక్క నుంచి ముందు తోసుకొస్తుంది. శుభ్రం చేసే రాడ్డుని మూతి వైపు నుంచి దూర్చి దూర్చి ఆ అంచుని అరగదీసేవాళ్లు ఉన్నారు. ఫ్యాక్టరీ రైఫిల్‌లో సగం రోగాలు ఇక్కడే తేలిపోతాయి. వదులు స్క్రూని ఏ తూటా బాగుచెయ్యలేదు.

తర్వాత పాయింట్ 22 టెస్టు. క్లబ్బుగా కలిసి, దొరికిన రెండు మూడు లాట్లలో ఒక్కో డబ్బా తీసుకోండి. డబ్బాలో 50. బ్రాండ్ మార్చినప్పుడు మొదటి పది లెక్కలోకి తీసుకోకండి, ఆ తూటా మీద పూసిన మైనం బ్యారెల్‌లో సర్దుకోవాలి. మిగిలిన 40ని నాలుగు పది షాట్ల గ్రూపులుగా కొట్టండి, రైఫిల్‌ని రెస్టు మీద, అంటే కదలని ఆనింపు మీద, పెట్టి. నాలుగు కాగితాలూ మధ్య చుక్క కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకోండి. నలభై చిల్లులూ ఒకేసారి కనిపిస్తాయి. అప్పుడు కొలవండి. కొలిచేటప్పుడు అన్నిటికన్నా దూరం పడ్డ రెంటి మధ్య దూరమే కాదు, ప్రతి చిల్లు మధ్య నుంచి ఎంత దూరం ఉందో చూసి సగటు తీయండి. దూరం పడ్డ రెండే చూస్తే మిగతా 38 షాట్ల సాక్ష్యం పారేసినట్టే. ఒక సాయంత్రం పని. అందులో చిన్న తేడా కనిపిస్తే నమ్మకండి, పెద్ద తేడా కనిపిస్తే నమ్మండి.

ఎయిర్ రైఫిల్ పిల్లలూ, ఇప్పుడు మీ సంగతి. ఈ డబ్బా చూడండి. ముందు వరస వాళ్లు దగ్గరికి రండి. ఇది మ్యాచ్ పెల్లెట్, తల చదునుగా ఉంది, కాగితంలో గుండ్రంగా శుభ్రంగా చిల్లు చేస్తుంది. నడుము సన్నం. వెనక భాగం గంటలాగా విచ్చుకుని ఉంది, దాన్ని స్కర్ట్ అంటారు. గాలి తోసినప్పుడు ఈ స్కర్ట్ విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. సీసం కదా, మెత్తన. ఈ అద్దం పలక మీద దొర్లిస్తాను చూడండి. ఇది చాపంలా వంపు తిరిగి నున్నగా పోయింది. రెండోది, చూశారా, మధ్యలో ఒకచోట గతుక్కుమంది. దాని స్కర్ట్ అంచు ఇక్కడ నొక్కుకుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. డబ్బాని బ్యాగులో పడేసి సైకిల్ మీద తెస్తే ఇలాంటివి అడుగున చేరతాయి. ఇవి ప్రాక్టీసులో నిలబడే పద్ధతి నేర్చుకోడానికి వాడండి. స్కోరు రాసుకునే రోజు వాడకండి.

డబ్బా మీద 4.49 అనో 4.50 అనో ఉంటుంది, అది తల వ్యాసం, మిల్లీమీటర్లలో. ఏది కొనాలి అంటే, మీ బ్యారెల్ చెప్పాలి. బరువు 0.53 గ్రాములు దగ్గర ఉంటుంది. కొందరు ఒక్కో పెల్లెట్ తూచి వేరు చేస్తున్నారు. మంచి కంపెనీ డబ్బా అయితే అందులో మీకు దొరికేది చాలా తక్కువ. లెక్క మళ్లీ చూడండి. పది మీటర్ల దూరంలో సెకనుకి 170 మీటర్లకీ 165కీ తేడా వస్తే ఒక మిల్లీమీటరు దిగుతుంది. అంటే స్కోరులో 0.4. ఆ తేడా ఎక్కువగా రైఫిల్ సిలిండర్‌లో గాలి ఒత్తిడి సరిగ్గా లేకపోవడం వల్ల వస్తుంది, పెల్లెట్ బరువు వల్ల కాదు. ఆ ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ చూపించుకోండి. త్రాసు తర్వాత కొనుక్కోవచ్చు.

ఇంకోటి, తల్లిదండ్రులకి. పెల్లెట్ అంటే సీసం. పిల్లలు పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో మిక్చరు తింటున్నారు, నేను చూస్తూనే ఉన్నాను. సబ్బుతో కడుక్కుని తినాలి. పెల్లెట్ పెదాల మధ్య పెట్టుకునే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మానెయ్యండి.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పమ్మా.

అమ్మగారు అడుగుతున్నది ఏమిటంటే, బాబుకి తొమ్మిదులే పడుతున్నాయి, ఖరీదైన పెల్లెట్ కొంటే పదులు పడతాయా అని. మంచి ప్రశ్న. టెస్టు చేసి చూద్దాం, ఊహ ఎందుకు? బాబు రైఫిల్ ఇప్పుడు వాడుతున్న పెల్లెట్‌తోనే రెస్టు మీద పెట్టి ఇరవై కొడతాను. పది మీటర్ల టార్గెట్‌లో పది చుక్క అర మిల్లీమీటరే అయినా, పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు. అంటే పెల్లెట్ మధ్యభాగం నడిబొడ్డు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడితే పది. ఇరవైకి ఇరవై దాని లోపల పడ్డాయనుకోండి, పెల్లెట్‌లో తప్పు లేదు, డబ్బు దాచుకోండి, ఆ డబ్బుతో మంచి బూట్లు కొనండి, నిలకడ వస్తుంది. నాలుగైదు బయటికి పోతే స్క్రూలు చూస్తాను, తర్వాత రెగ్యులేటర్, తర్వాత 4.49 డబ్బా ఒకటి, 4.50 డబ్బా ఒకటి తెప్పిస్తాం. ఆదివారం బాబుని ఓ గంట ముందు పంపండి. అతను వాడే డబ్బా మూతతో సహా తీసుకురమ్మనండి, లాట్ నంబరు రాసుకోవాలి.